షార్కో మంగళవారాలు

నరాల జబ్బుల వైద్యానికి పునాది వేసినవాళ్లలో ఝాన్ మార్తాన్ షార్కో పేరు ముందు చెప్పుకోవాలి. 1825లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి బండ్లు తయారుచేసేవాడు. 1862లో సాల్‌పేత్రియేర్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరయ్యాడు. ఒకప్పుడు తుపాకిమందు చేసిన చోటది. అప్పటికి దిక్కులేని ఆడవాళ్లు వేలమంది పడివుండే ఊరంత ఆసుపత్రి. ఇంకొకరైతే వద్దు బాబోయ్ అని పారిపోయేవారే. ఆయన ఒక్కొక్కరినే పరీక్షించి, చనిపోయాక మెదడూ వెన్నుపామూ కోసి చూసి, బతికుండగా కనబడిన లక్షణాలతో సరిపోల్చాడు. 1868లో మల్టిపుల్ స్క్లిరోసిస్‌ను వేరే జబ్బుగా విడదీసి చెప్పింది అలాగే. అంతవరకు ఆయనకు దండం పెట్టవచ్చు.

తర్వాతి సంగతే నాకు మింగుడుపడదు. 1870 ప్రాంతంలో మూర్ఛరోగులనూ హిస్టీరియా రోగులనూ ఒకేచోట చేర్చి ఆయనకు అప్పజెప్పారు. మంగళవారాల్లో, అంతకుముందు తాను చూడని రోగిని కూడా హాల్లో కూర్చోబెట్టి అందరి ముందూ ప్రశ్నించేవాడు. ఆయన ఉపన్యాసాలకు డాక్టర్లే కాదు, రచయితలూ పత్రికలవాళ్లూ వచ్చేవారు. ఇంటి గొడవలూ భయాలూ అక్కడే చెప్పుకోవాలి. బ్లాంష్ విట్‌మన్ అనే రోగి హిప్నటిజంలో వెనక్కి ఒరిగిపోతుంటే మగవాళ్లంతా చూస్తున్న దృశ్యాన్ని బ్రూయే 1887లో పెద్ద బొమ్మగా వేశాడు.

సంతలో ఎద్దుల బేరం తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేస్తారు, ధర పక్కవాడికి తెలియకూడదని. మా బంధువొకాయన అప్పుల బాధతో పురుగుమందు తాగి, ఎలాగో బతికి బయటపడితే, జనరల్ వార్డులో అందరూ చూస్తుండగా ఎందుకు తాగావని అడిగారు. దగ్గుమందనుకున్నానన్నాడు. కేసుషీటులో అదే ఎక్కింది. ఎద్దు ధరకున్న మరుగు ఆయన మనసుకు లేకపోయింది.

షార్కోకూ అలాంటిదే ఎదురైంది. పదిమంది ముందు అడిగితే పదిమందికీ తగిన జవాబే వస్తుంది. మూర్ఛరోగుల్ని చూసి పక్కవాళ్లూ అలా కొట్టుకోవడం నేర్చారని తరవాత అన్నారు. హిప్నటిజంలో కనబడేది జబ్బు లక్షణం కాదు, సూచనబలమేనని నాన్సీ నగరపు బెర్న్‌హైమ్ వాదించాడు. 1893లో షార్కో చనిపోయాక శిష్యుడు బబిన్‌స్కీ కూడా గురువుగారి హిస్టీరియా సిద్ధాంతాన్ని వదులుకున్నాడు.

1885-86 చలికాలంలో ఆ హాల్లో కూర్చున్న ఫ్రాయిడ్ మాత్రం, వియన్నాలో చివరకు తలుపేసుకుని ఒక్క రోగి మాటే వినసాగాడు. భక్తి తగ్గలేదు లెండి, పెద్దకొడుక్కి షార్కో పేరే పెట్టుకున్నాడు.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, రోగి సంగతులు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. మా బంధువు పడుకున్న వార్డులో మంచానికీ మంచానికీ మధ్య తెరగుడ్డ అయినా లేదు.