పుచ్చీనీ గొంతు

పుచ్చీనీ 1858లో ఇటలీలోని లుక్కాలో పుట్టాడు. లా బోహెమ్, టోస్కా, మదామా బటర్‌ఫ్లై ఈయనవే. ఒపేరా జోలికి పోని నాలాంటివాడు కూడా ఈయన బాణీ ఎక్కడో ఒకచోట వినే ఉంటాడు. సంగీతం ఎంత ఇష్టమో, సిగరెట్లూ అంతే ఇష్టం.

నెలల తరబడి గొంతునొప్పి. 1924లో క్యాన్సర్ అని తేలింది. అప్పటికి తురందోత్ ఇంకా పూర్తి కాలేదు. రేడియం వైద్యం కోసం బ్రస్సెల్స్ వెళ్లాడు. నవంబర్ 24న గొంతుకి రంధ్రం చేసి రేడియం సూదులు గుచ్చారు. మాట పోయింది. ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించేవాడు. 29న గుండె ఆగిపోయింది.

1926లో మిలాన్‌లో తురందోత్ మొదటి ప్రదర్శన. పుచ్చీనీ రాసింది ఎక్కడ ఆగిందో అక్కడే టోస్కనీనీ కూడా ఆపేశాడు.

నన్ను కదిలించే సంగతి ఇంకోటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో రెగో, కూతార్ అనే డాక్టర్లు రేడియేషన్‌ని రోజూ కొంచెం కొంచెంగా ఇచ్చి గొంతు క్యాన్సర్లు నయం చేస్తున్నారు. మంచి కణాలు మధ్యలో కోలుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంతగా కోలుకోలేవు. డోసు ఎంత అన్నదే కాదు, ఎలా పంచామన్నదీ లెక్కే! ఇవాళ్టికీ 70 గ్రేలని 35 రోజులకి పంచి ఏడు వారాలు ఇవ్వడం మామూలే. స్వరపేటికలో క్యాన్సర్‌ని తొలిదశలో పట్టుకుంటే చాలామందికి ప్రాణంతో పాటు గొంతూ దక్కుతోంది.

అందుకే మన హాస్టల్ మిత్రులకో మాట. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. సిగరెట్ సంగతి మీకే తెలుసు.