జాన్ యంగ్ బుకానన్

జాన్ యంగ్ బుకానన్ (1844 - 1925) స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. గ్లాస్గోలో జన్మించాడు. 1872 డిసెంబరు నుండి 1876 మే వరకు సాగిన ఛాలెంజర్ నౌకాయాత్రలో రసాయన పరీక్షల బాధ్యత ఇతనిదే.

సముద్రగర్భం నుండి నీటిని తెచ్చేటప్పుడు పై పొరల నీరు అందులో కలవరాదు. ఇందుకై ఇతడు రెండు కొనలా మరలు గల లోహపు గొట్టాన్ని వాడాడు. దిగేటప్పుడు నీరు దానిగుండా పారుతుంది. పైకి లాగగానే నీటి ఒత్తిడికి మరలు మూసుకుంటాయి. నిలవ ఉంచితే నీటిలోని వాయువుల పాళ్ళు మారిపోతాయి కనుక కార్బన్ డయాక్సైడును ఓడలోనే కొలిచేవాడు. మిగిలిన నమూనాలలో 77 నమూనాలను తరువాత విలియం డిట్‌మార్ విశ్లేషించి, ముఖ్య లవణాల నిష్పత్తి అన్ని సముద్రాలలోను దాదాపు ఒకటేనని 1884లో ప్రకటించాడు.

హక్స్‌లీ వంటి ఉద్దండుడు 1868లో ఆదిమ జీవిగా వర్ణించిన బాతీబియస్, సముద్రజలానికి ఆల్కహాలు కలిపినపుడు ఏర్పడే కాల్షియం సల్ఫేటు మాత్రమేనని బుకానన్ నిరూపించాడు. హక్స్‌లీ దీనిని అంగీకరించడం విశేషం.

ఆమ్లత్వాన్ని తెలిపే పీహెచ్ కొలమానాన్ని సోరెన్‌సెన్ 1909లో గాని ప్రవేశపెట్టలేదు. కాబట్టి నాటి సముద్రపు పీహెచ్ బుకానన్ లెక్కలలో లేదు. అయితే అదే యాత్రలో పసిఫిక్ నుండి తెచ్చిన సూక్ష్మజీవుల సున్నపు గుల్లలు లండనులో భద్రంగా ఉన్నాయి. 2020లో ప్రచురితమైన పరిశోధనలో వాటితో పోల్చి చూడగా, ఇటీవలి గుల్లలు 76 శాతం వరకు పలుచబడినట్లు తేలింది.