రాయబారి ఫ్రాంక్లిన్

రాయబారమనగానే తెలుగువారికి భారతంలోని ఉద్యోగపర్వం స్ఫురిస్తుంది. సంధి కోరి హస్తినకు వెళ్ళిన శ్రీకృష్ణుడు యుద్ధవార్తతో మరలివచ్చాడు. అమెరికా తొలి రాయబారులలో అగ్రగణ్యుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ ఇందుకు భిన్నమైనది. యుద్ధానికి తోడు కోరి సముద్రం దాటిన ఆ వృద్ధుడు సంధిని సాధించి స్వదేశానికి చేరుకున్నాడు.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి కుటుంబాన్ని పోషించేవాడు. ఫ్రాంక్లిన్ బడిచదువు రెండేళ్ళతోనే ముగిసింది. అన్నగారి అచ్చుకూటంలో పని నేర్చుకొని, పదిహేడవ ఏట ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరాడు. అక్కడ ముద్రాపకుడుగా, పత్రికాధిపతిగా, శాస్త్రజ్ఞుడుగా పేరు గడించాడు. మెరుపులో ఉన్నది విద్యుత్తేనని తెలుసుకోవడానికి 1752లో ఆయన గాలిపటం ఎగురవేసిన వృత్తాంతం లోకవిదితం. ఆ ప్రయోగంలో తోడ్పడినవాడు ఆయన కుమారుడు విలియం.

1757లో ఫ్రాంక్లిన్ పెన్సిల్వేనియా ప్రతినిధిగా లండన్ వెళ్ళాడు. నడుమ రెండేళ్ళు మినహా 1775 వరకు అక్కడే నివసించాడు. బ్రిటిష్ సామ్రాజ్యం చీలిపోరాదనే ఆయన చాలాకాలం ఆశించాడు. విలియం కూడా 1762లో రాజాజ్ఞచేత న్యూజెర్సీ గవర్నరుగా నియమితుడయ్యాడు. అయితే 1774 జనవరి 29న ప్రీవీ కౌన్సిల్ సభలో ఫ్రాంక్లిన్‌కు ఘోర పరాభవం జరిగింది. మసాచుసెట్స్ గవర్నరు వ్రాసిన లేఖలను అమెరికాకు పంపాడన్న నెపంతో ప్రభుత్వ న్యాయవాది నిండుసభలో ఆయనను దూషించాడు. ఫ్రాంక్లిన్ పెదవి కదపకుండా నిలబడ్డాడు. వెనువెంటనే ఆయన తపాలాశాఖ పదవి ఊడింది. ఆ తరువాత కూడా ఆయన ఏడాదిపాటు రాజీకై యత్నించాడు కాని, విరిగిన మనస్సు అతకలేదు.

1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన కొద్ది నెలలకే అమెరికా కాంగ్రెస్ ఆయనను ఫ్రాన్స్‌కు పంపింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు. మనుమలిద్దరిని వెంటబెట్టుకొని బయలుదేరాడు. వారిలో పెద్దవాడు టెంపుల్, విలియం కుమారుడు. రాజపక్షాన్ని వీడని విలియం అప్పటికే అమెరికన్ల చెరలో ఉన్నాడు.

పారిస్ చెంతనున్న పాసీ గ్రామంలో ఫ్రాంక్లిన్ విడిది చేశాడు. రాజాస్థానపు వైభవాల నడుమ కృత్రిమ కేశాలు ధరించక, బొచ్చుటోపీతో తిరిగే ఆ వృద్ధుణ్ణి ఫ్రెంచి ప్రజలు ఋషితుల్యుడుగా భావించారు. అది అమాయకత్వమనుకోరాదు. తన వేషానికున్న విలువ ఆయనకు చక్కగా తెలుసు. ఫ్రాన్స్ విదేశాంగమంత్రి వెర్జెన్ రహస్యంగా సహాయం చేస్తున్నాడే కాని, అమెరికా గెలుస్తుందన్న నమ్మకం కుదరనిదే బహిరంగంగా ముందుకు రాలేడు. ఫ్రాంక్లిన్ తొందరపడలేదు, ఏడాది వేచి ఉన్నాడు. 1777 అక్టోబరులో సారటోగా వద్ద బ్రిటిష్ సేన లొంగిపోయిన వార్త డిసెంబరులో పారిస్‌కు అందింది. అప్పుడాయన ఒక బ్రిటిష్ దూతకు దర్శనమిచ్చి తీరికగా మాట్లాడాడు. ఆంగ్లేయులతో రాజీ కుదురుతుందేమోనన్న శంక ఫ్రెంచివారిని త్వరపెట్టింది. 1778 ఫిబ్రవరి 6న మైత్రీ ఒప్పందాలు జరిగాయి. రాయబార కార్యాలయంలో పనిచేసిన బాన్‌క్రాఫ్ట్ బ్రిటిష్ గూఢచారి అనీ, అక్కడి రహస్యాలన్నీ లండన్‌కు చేరవేశాడనీ శతాబ్దం తరువాత గాని లోకానికి తెలియలేదు. అయినా ఆ మైత్రిని బ్రిటన్ ఆపలేకపోయింది.

1781లో యార్క్‌టౌన్ వద్ద ఫ్రెంచి నౌకాదళం, సైన్యం తోడ్పాటుతో అమెరికన్లు కారన్‌వాలీసును లొంగదీశారు. తరువాత భారత గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పినవాడు ఈయనే. ఆ పద్ధతి 1802 నుండి ఉత్తర సర్కారులకూ వ్యాపించింది.

ఇక సంధి చర్చలు. ఫ్రాన్స్‌కు తెలియకుండా ఏమీ చేయరాదని కాంగ్రెస్ ఆదేశించింది. అయినా ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జే 1782 నవంబరు 30న బ్రిటన్‌తో ప్రాథమిక ఒప్పందంపై సంతకాలు చేశారు. వెర్జెన్ నొచ్చుకున్నాడు. మర్యాదలోపానికి క్షమాపణ చెబుతూ ఫ్రాంక్లిన్ ఒక లేఖ వ్రాశాడు. మిత్రులు విడిపోయారని ఆంగ్లేయులు సంబరపడుతున్నారనీ, వారిని నిరాశపరచడమే మేలనీ అందులో సున్నితంగా సూచించాడు. మాట తప్పినట్టు కనబడిన ఆ తరుణంలోనే ఫ్రాన్స్ నుండి మరో 60 లక్షల లీవ్రుల ఋణం సంపాదించాడు! రాయబార చరిత్రలో ఇంతటి చాతుర్యం అరుదు. తుది సంధిపై 1783 సెప్టెంబరు 3న సంతకాలయ్యాయి.

ఆ చర్చలలో బ్రిటన్ రాజపక్షీయులకు నష్టపరిహారం కోరినప్పుడు అందరికంటె కఠినంగా తిరస్కరించినవాడు ఫ్రాంక్లినే. చెర నుండి విడుదలై లండన్ చేరిన విలియం కూడా ఆ రాజపక్షీయులలో ఒకడు. చెరలో ఉండగానే అతడు భార్యను కోల్పోయాడు. 1784లో అతడు తండ్రికి సఖ్యత కోరుతూ లేఖ వ్రాశాడు. తండ్రి బదులిచ్చాడు కాని కరగలేదు. పారిస్‌లో అంత ఓర్పు చూపిన మనిషికి కన్నకొడుకు విషయంలో ఆ ఓర్పు చాలలేదు. 1785లో స్వదేశానికి మరలుతూ సౌతాంప్టన్ రేవులో విలియంను కలుసుకున్నాడు. ఆ కొద్దిరోజులలో జరిగినది ముఖ్యంగా ఆస్తి లెక్క. విలియం న్యూజెర్సీ భూములు తక్కువ ధరకు టెంపుల్ పేర మారాయి. తండ్రీకొడుకులు మరల కలుసుకోలేదు.

1790 ఏప్రిల్ 17న ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్లిన్ కన్నుమూశాడు. ఫ్రాన్స్ జాతీయ సభ మూడు రోజులు సంతాపం పాటించింది. ఆయన వీలునామాలో విలియంకు దక్కినవి నోవాస్కోషియాలోని కొంత భూమి, అతనివద్ద ఉన్న పుస్తకాలు, మాఫీ చేసిన పాత బాకీలు. యుద్ధకాలంలో తనకు ఎదురు నిలిచినందువల్లనే ఇంతకుమించి ఇవ్వలేదని ఫ్రాంక్లిన్ అందులో స్పష్టంగా వ్రాశాడు.