పక్కన కూర్చున్న గురువు: భగవాన్ రమణ మహర్షి



ఈ వారం మన ఛానల్లో పెట్టిన రమణ మహర్షి వీడియో చూసినవాళ్ళందరికీ ధన్యవాదాలు. వీడియోలో ఆయన బాల్యం, మధురైలో మరణానుభవం, అరుణాచలం చేరడం వరకే చెప్పగలిగాను. నిజానికి నాకు చెప్పాలనిపించింది ఆ తర్వాతి కథ. అది ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టు, తీరిక చూసుకుని చదవండి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. రోజూ రాత్రి ఫోన్ చేసేవాడిని. అమ్మ నాన్న మాట ఎత్తి ఏడవగానే నేను మొదలుపెట్టేవాడిని: ఆత్మకి చావు లేదమ్మా, పొద్దున్నే లేచి ధ్యానం చెయ్యి, ఈ ప్రవచనం విను అని. లింకులు పంపేవాడిని. చూస్తాలే నాన్నా అనేది. కొన్నాళ్ళకి నాతో నాన్న మాట ఎత్తడం మానేసింది. తేరుకుంది అనుకున్నాను. మా పిన్ని చెప్పేదాకా తెలీలేదు. అమ్మ ఇప్పటికీ ఏడుస్తోందిట, కాకపోతే నాకు చెప్పడం లేదుట. చెప్తే వాడు క్లాసు మొదలెడతాడు అందిట.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీడియో కోసం ఎచ్చమ్మాళ్ గురించి చదివాను. ఆవిడ కథకి ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

వెంకటరామన్ 1879 డిసెంబర్ 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో పుట్టారు. 1892లో తండ్రి సుందరమయ్యర్ పోయారు. మధురైలో బాబాయి ఇంట్లో చదువుకుంటూ ఉండగా, 1896 జూలైలో, పదహారేళ్ళ వయసులో ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. పారిపోకుండా, శవంలా పడుకుని, చచ్చేది ఏది, మిగిలేది ఏది అని లోపలికి చూసుకున్నారు. ఆ భయం మళ్ళీ రాలేదు. ఆరు వారాలకే ఇల్లు వదిలి సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరారు. అక్కణ్ణుంచి 1950లో దేహం వదిలేదాకా, అంటే యాభై మూడేళ్ళకి పైగా, ఆ ఊరు దాటి వెళ్ళలేదు.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. మనం ఊహించుకునే బొమ్మ కూడా ఇక్కడే ఆగిపోతుంది: గుహలో ఒంటరిగా, కళ్ళు మూసుకున్న మౌని. కానీ ఆయన పూర్తిగా ఒంటరిగా ఉన్నది నిజానికి చాలా తక్కువ కాలం. 1897లోనే పళనిస్వామి అనే మలయాళీ భక్తుడు వచ్చి చేరాడు. చివరిదాకా, దాదాపు ఇరవై ఏళ్ళు, నీడలా ఉన్నాడు. ఈ పళనిస్వామి వేదాంత గ్రంథాలు అరువు తెచ్చుకుని చదివేవాడు. అవి తమిళంలో ఉండేవి, ఆయనకి ఆ భాష అంతంత మాత్రం. కష్టపడి కూడబలుక్కుంటూ ఉంటే చూడలేక, రమణులు ఆ పుస్తకం తీసుకుని తనే చదివి సారం చెప్పేవారు. ఆయనకి శాస్త్రాల పరిచయం మొదలైంది అలాగే. తనకి అప్పటికే అనుభవం ఉంది, పుస్తకాలతో పని లేదు. పక్కవాడు ఇబ్బంది పడుతున్నాడని చదివారు. తర్వాత తర్వాత సంస్కృతం, మలయాళం, మన తెలుగు కూడా వచ్చాయి. ఉపదేశసారాన్ని తెలుగులోనూ రచించారు.

వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకే మందు ఇవ్వలేదు, గమనించారా? 1902లో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి విరూపాక్ష గుహకి వచ్చి, నేనెవరు అన్న దగ్గర మొదలుపెట్టి వరసగా ప్రశ్నలు అడిగాడు. అప్పట్లో రమణులు మాట్లాడేవారు కాదు కాబట్టి రాసి జవాబిచ్చారు. తర్వాత అదే నేనెవరు అనే చిన్న పుస్తకం అయింది. అడిగేవాడికి ప్రశ్నలున్నాయి, ఆయనకి జవాబులు దొరికాయి.

1907 నవంబర్ 18న కావ్యకంఠ గణపతి ముని వచ్చారు. బొబ్బిలి దగ్గర కలువరాయి ఆయన ఊరు. మహా పండితుడు, ఎన్నో మంత్రాలు జపించినవాడు, సొంత శిష్యులు ఉన్నవాడు. ఇంత చేసినా తపస్సు అంటే ఏమిటో నాకు తెలియలేదు అని ఆ కుర్రస్వామి ముందు సాష్టాంగపడ్డారు. అప్పటికి మునికి ఇరవై తొమ్మిది, స్వామికి ఇరవై ఏడు. నా వయసు వాళ్ళే! చాలాసేపు మౌనంగా చూశాక, నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అని చెప్పారు. మంత్రం జపిస్తే ఆ శబ్దం పుట్టే చోటు చూడమన్నారు. పండితుడికి తనకి తెలిసిన జపంలోంచే దారి చూపించారు, అది పారేసి రమ్మనలేదు. ఆ రోజే గణపతి ముని ఆయనకి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టారు. లోకం ఈ రోజు పిలుస్తున్న పేరు మన తెలుగువాడు పెట్టిందే.

ఇప్పుడు ఎచ్చమ్మాళ్ దగ్గరికి వద్దాం. పాతికేళ్ళు నిండకుండానే భర్త పోయాడు, కొడుకు పోయాడు, కూతురు పోయింది. ఇల్లు చూస్తే జ్ఞాపకాలు తినేస్తుంటే గోకర్ణం వెళ్ళి సాధువులకి సేవ చేసింది. దుఃఖం తగ్గలేదు. 1906లో తిరువణ్ణామలై వచ్చింది. కొండమీద మౌనంగా ఉండే స్వామి ఉన్నాడంటే ఎక్కి వెళ్ళింది. ఆయన ముందు నిలబడింది. ఆవిడ ఏమీ అడగలేదు, ఆయన ఏమీ చెప్పలేదు. గంటసేపు అలాగే నిలబడిపోయింది. కిందికి దిగేటప్పటికి గుండె మీద బరువు లేదు.

మర్నాటి నుంచి రోజూ వెళ్ళేది. ఆయనకి అన్నం పెట్టకుండా తాను తినేది కాదు. 1945లో చనిపోయేదాకా, దాదాపు నలభై ఏళ్ళు ఆ వంట సాగింది. నేనెవరు అనే విచారణ ఆవిడకీ దొరికింది, కానీ ముందు దొరికింది రోజూ వెళ్ళి కూర్చునే చోటు, రోజూ చేసుకునే పని.

అసలు విషయం దీని తర్వాతే ఉంది. కొన్నాళ్ళకి భగవాన్ అనుమతితో చెల్లమ్మాళ్ అనే పిల్లని పెంచుకుంది. పెళ్ళి చేసింది. మనవడు పుడితే రమణ అని పేరు పెట్టుకుంది. ఒకరోజు హఠాత్తుగా టెలిగ్రాం వచ్చింది, ఆ కూతురు పోయిందని. ఆ కాగితం పట్టుకుని కొండెక్కింది. భగవాన్ చదివారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇది చదివి నేను లాప్‌టాప్ మూసేశాను. చావు అంటే ఏమిటో పదహారేళ్ళకే తేల్చుకున్న మనిషి ఆయన. ఆత్మకి చావు లేదని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆ క్షణంలో ఆయన ఆ మాట చెప్పలేదు, ఆవిడతో పాటు కంటతడి పెట్టారు. అంత్యక్రియలు అయ్యాక ఆవిడ పసివాణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెడితే తీసుకున్నారు.

కన్నతల్లి విషయంలోనూ ఇంతే. 1898లో అళగమ్మాళ్ వచ్చి ఇంటికి రమ్మని ఏడిస్తే ఆయన వెళ్ళలేదు, జరగాల్సింది జరుగుతుందని రాసి చూపించారు. చదివితే కఠినంగా అనిపిస్తుంది. కానీ 1916లో ఆవిడే కొడుకు దగ్గరికి వచ్చి ఉండిపోయింది, అందరితో పాటు సాధన చేసింది. 1922 మే 19న ఆవిడ ఆఖరి రోజు, పొద్దుటి నుంచి రాత్రి దాకా, ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టి ఆయన పక్కనుంచి కదలలేదు. ఆవిడ సమాధి చుట్టూనే ఇప్పటి రమణాశ్రమం పెరిగింది.

ఆశ్రమం పెరిగాక కూడా ఆయనకి సొంత గది అంటూ లేదు. కూర్చునేదీ పడుకునేదీ అందరూ వచ్చే హాల్లోనే. చాలా ఏళ్ళు తెల్లవారుజామునే లేచి వంటింట్లో కూరలు తరిగేవారు, పచ్చడి రుబ్బేవారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది భర్త పోయినవాళ్ళు. హాల్లో పండితులకి దొరికిన సాంగత్యమే వాళ్ళకి పొయ్యి దగ్గర దొరికింది. తనకని ప్రత్యేకంగా ఏది వడ్డించినా ఒప్పుకునేవారు కాదు, అందరికీ ఉంటేనే తనకి. 1941లో వచ్చిన మన గుంటూరు జిల్లా ఆడపడుచు సూరి నాగమ్మగారు కూడా చిన్నప్పుడే భర్తని పోగొట్టుకున్నవారే. ఆశ్రమంలో రోజూ చూసినవి అన్నయ్యకి తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు. ఆవిడ సాధన కలం అయింది.

భగవాన్ ఎవరికీ దీక్ష ఇవ్వలేదు. నేను గురువుని, నువ్వు శిష్యుడివి అనలేదు. చేతి మీద కణితికి నాలుగుసార్లు ఆపరేషన్ అయినా దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి, బయట భక్తులు అక్షరమణమాల పాడుతున్నారు. ఎప్పుడో గుహలో ఉన్నప్పుడు, భిక్షకి వెళ్ళేటప్పుడు పాడుకోవడానికి ఒక పాట కావాలని తోటివాళ్ళు అడిగితే ఆయన రాసిచ్చిన స్తోత్రం అది. అది వింటూ ఆయన కళ్ళు చెమర్చాయి. కాసేపటికి శ్వాస ఆగింది.

పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. నేనూ పక్కన కూర్చుని తుంచడం మొదలుపెట్టాను. ఈనె సరిగ్గా తియ్యడం లేదని రెండుసార్లు తిట్టింది. కాసేపటికి తనే నాన్న మాట ఎత్తింది. ఈ కూర ఆయనకి పడేది కాదుట, అయినా ఏనాడూ చెప్పకుండా తినేవాడుట. నాకు ఆ సంగతి తెలీదు. అమ్మ ఏడ్చింది. నా నోటిదాకా వచ్చిన మాట మింగేసి కూర్చున్నాను. తర్వాత నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి ఏడవడం నాన్న పోయాక అదే మొదటిసారి.

ధ్యానం వద్దని నేను అనడం లేదండీ. నేనూ రోజూ కూర్చుంటున్నాను. కానీ మీ ఇంట్లో ఎవరైనా దుఃఖంలో ఉంటే, ఈ పోస్టు లింకు వాళ్ళకి పంపకండి. వీలైతే వెళ్ళి పక్కన కూర్చోండి.

వచ్చే వారం గణపతి ముని గారి జీవితం వీడియోగా చేస్తున్నాను. అందాకా సెలవు.

అరుణాచల శివ.