తాటిచెట్ల డాక్టరు బట్లరు గారు

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మతో మిరప కల్లంలో కూర్చున్నాను. ఎర్రకాయలు ఒకపక్కకి, తాలుకాయలు ఒకపక్కకి ఏరాలి. తాలు అంటే కుళ్లి తెల్లబడ్డ కాయ, దానికి ధర రాదు. ఈ కుళ్లు ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోబోతే నాకు బట్లరు గారు తెలిశారు.

ఎడ్విన్ జాన్ బట్లర్ గారు 1874లో ఐర్లండులో కిల్కీ అనే ఊళ్లో పుట్టారు. చదివింది మనుషుల డాక్టరు చదువు, మనసు పోయింది మాత్రం బూజుల మీదకి. 1901లో మన దేశం వచ్చారు. 1905 నుంచి బీహారులోని పూసాలో మొక్కల తెగుళ్ల మీద పని చేశారు.

ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు చచ్చిపోతున్నాయి. తాటికి ఉండేది ఒక్కటే మొవ్వు. అది కుళ్లితే ఇంక ముంజలు లేవు, కల్లు లేదు, ఇంటికప్పుకి ఆకు లేదు. బట్లరు గారు ఆ మొవ్వుకుళ్లు తెచ్చే జీవిని కనిపెట్టి 1907లో పిథియం పాల్మివోరమ్ అని పేరు పెట్టారు. జబ్బు చెట్ల తలలు నరికి కాల్చేయించారు. చెట్టు గీసి బతికేవాళ్లకి ఎంత బాధో! కానీ పక్క చెట్లు బతకాలి కదా. 1919లో తను పెట్టిన పేరు తనే మార్చి ఫైటోఫ్తోరా పాల్మివోరా అన్నారు. ఇది నాకు బాగా నచ్చింది. మేమైతే తప్పు లెక్క ఉన్న పేజీ చింపేస్తాం.

1920లో ఇంగ్లండులో క్యూ అనే చోట బూజుల సంస్థకి డైరెక్టరు అయ్యారు. 1931లో బిస్బీ గారితో కలిసి మన దేశం బూజుల జాబితా పుస్తకం వేశారు. మన మిరపకాయ కుళ్లు బూజుకి కొల్లెటోట్రైకమ్ క్యాప్సిసి అనే పేరు అందులోదే. 1943లో చనిపోయారు.

ఆయన పోయాక ఒక విచిత్రం జరిగింది. పశ్చిమ ఆఫ్రికాలో చాక్లెట్ చేసే కోకో కాయల్ని కూడా ఆ తాటి జీవే కుళ్లబెడుతుంది అనుకునేవారు. 1975లో దాని క్రోమోజోములు చూశారు. క్రోమోజోములంటే కణంలో జాతి లక్షణాలు మోసే పోగులు. కొన్నిటిలో చిన్నవి 9 నుంచి 12 ఉన్నాయి, కొన్నిటిలో పెద్దవి 5, 6 మాత్రమే. పెద్ద పోగులది వేరే జాతి అని తేల్చి 1979లో మెగాకార్యా అన్నారు. అసలు ఇవి నిజం బూజులు కావు, నీటిబూజులు అని కూడా ఇప్పుడు చెబుతున్నారు.

మిరప కుళ్లు కూడా ఒక్క జాతి పని కాదట. ఒకదానికి తట్టుకున్న విత్తనం ఇంకోదానికి పడిపోవచ్చు. ఇదంతా మా అమ్మకి చెప్పాను. ఎన్ని జాతులైనా తాలు రేటు ఒకటే కదా అని, ఇంకో గంప నా ముందు పోసింది.