నోబిల్‌గారి ఇంటిపేరు

బందరు బస్సు నిలయమున దిగి నోబిల్ కాలేజీకి పోవలెనన్నచో ఏ బండివాడును మారుప్రశ్న వేయడు. గుడివాడనుండి వచ్చువారికిని, కృష్ణ దాటి అవనిగడ్డ, నాగాయలంకల నుండి వచ్చువారికిని ఆ పేరు చిరపరిచితము. అయినను అది ఒక మనుష్యుని ఇంటిపేరని తలచువారు కొలదిమందియే. ఆంగ్లమున ఘనమైనదను అర్థముగల మాటను ఎవరో కళాశాలకు బిరుదముగా తగిలించిరని కొందరును, లోకప్రసిద్ధమైన నోబెల్ బహుమానముతో దీనికేదో సంబంధము గలదని కొందరును భావింతురు. కావున ఈ సంచికలో ఆ ఇంటిపేరు ఎట్టిదో, దానిని ధరించిన రాబర్టు టర్లింగ్టన్ నోబిల్‌గారు ఎట్టివారో మా చదువరులకు విన్నవింప దలచితిమి.

మనకు ఇంటిపేరు ముందు వచ్చును, ఆంగ్లేయులకు తుదను వచ్చును. స్థానము వేరైనను పుట్టుక ఒక్కటియే. మనలో ఘంటసాలవారికి ఊరినిబట్టియు, కరణంవారికి వృత్తినిబట్టియు పేరు వచ్చినట్లే, ఆంగ్లేయులలో స్మిత్ అనగా కమ్మరి, జాన్సన్ అనగా జాను కుమారుడు. మరికొన్ని రూపమునుబట్టియో గుణమునుబట్టియో ఇరుగుపొరుగువారు పెట్టినవి. మన బందరులో కొంతకాలము కొలువుచేసి తెలుగునకు మహోపకారము గావించిన బ్రౌనుదొరగారి ఇంటిపేరు వన్నెనుబట్టి వచ్చినది. నోబిల్‌గారితో కలిసి ఈ దేశమునకు వచ్చిన హెన్రీ ఫాక్సుగారి ఇంటిపేరునకు నక్క యని అర్థము. నోబిల్ అను పేరును ఈ చివరి తెగకు చెందినదే.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వారి ఫ్రెంచి మాటలనేకములు ఆంగ్లమున చేరినవి. వానిలో నిదియొకటి. దీనికి మూలము నోబిలిస్ అను లాటిను పదము. ఆ పదమునకు మొదటి అర్థము ఉన్నతకులజుడని కాదు. తెలియబడినవాడు, పదిమంది ఎరిగినవాడు అని మాత్రమే. తెలియుట అను అర్థముగల ఆ లాటిను ధాతువును, జ్ఞానము అను మాటకు మూలమైన మన సంస్కృత జ్ఞా ధాతువును ఒకే ప్రాచీనభాషనుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. రాను రాను పదిమంది ఎరిగినవారు ధనికులును ఉన్నతవంశజులును అగుటచే ఆ మాటకు కులీనుడను అర్థము స్థిరపడెను. ఒకప్పుడు పరిహాసమునకును ఈ పేరు పెట్టెడివారట. 1344లో మూడవ ఎడ్వర్డురాజు వేయించిన బంగారు నాణెమునకును ఇదియే పేరు. దాని వెల ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. నోబెల్ బహుమాన స్థాపకుని పేరుమాత్రము వేరు. అది స్వీడను దేశమున నొబ్బెలోవ్ అను ఊరినిబట్టి వచ్చినది. రెంటికిని బంధుత్వము లేదు.

నోబిల్‌గారు 1809లో ఇంగ్లండునందలి లీస్టర్ మండలమున జన్మించిరి. తండ్రిగారు క్రైస్తవ గురువు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, తామును గురుపట్టము పొంది, చర్చి మిషనరీ సంఘమువారి పక్షమున 1841లో ఫాక్సుగారితో ఓడనెక్కిరి. సూయజు కాలువ ఇంకను త్రవ్వబడని దినములగుటచే నెలలతరబడి సముద్రముపై ప్రయాణము చేసి చెన్నపట్టణము చేరిరి. అప్పటి బందరు పూర్వవైభవము తగ్గియుండెను. పరదేశములకు పోవు అద్దకపు వస్త్రముల వర్తకము క్షీణించెను. నందననామ సంవత్సరపు కరువు ముగిసి పదియేండ్లైనను గడువలేదు. కృష్ణానదికి ఆనకట్టయైనను లేదు. దాని నిర్మాణము 1855లో గాని ముగియలేదు.

ఫాక్సుగారు ఊరూర తిరిగి బోధించు పని చేపట్టగా, నోబిల్‌గారు పాఠశాలను ఎంచుకొనిరి. 1843 నవంబరు 21వ తేదీన దానిని తెరచినప్పుడు చేరినవారు ఇద్దరు బాలురు మాత్రమే. ఫాక్సుగారు ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి 1848లో మరణించిరి. నోబిల్‌గారు కదలలేదు. వివాహమాడలేదు. తుదివరకు ఇంగ్లండు ముఖమైనను మరల చూడలేదు. ఉద్యోగులు సెలవుపై స్వదేశమునకు పోవుట వాడుకగానున్న ఆ దినములలో, ఇరువదినాలుగేండ్లు ఈ దేశమున నిలిచి, వానిలో తుది ఇరువదిరెండేండ్లు ఆ పాఠశాలకే అర్పించిరి.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పుట మా విధి. ఆ పాఠశాల ద్వారము అందరికిని తెరువబడలేదు. అగ్రకులములవారి బిడ్డలను రప్పింపవలెనను తలంపుతో నోబిల్‌గారు అంటరానివారని నాడు ఎంచబడిన కులముల బాలురను చేర్చుకొనలేదు. పైవారు మొదట నేర్చినచో విద్య క్రిందికి దిగునని ఆ కాలమున పలువురు నమ్మెడివారు. మిషనువారిలోనే దీనిని ఆక్షేపించినవారును గలరు. తెలియబడినవాడను అర్థము కులీనుడను అర్థముగా కుదించుకొనిపోయినదని పైన వ్రాసితిమి గదా. ఆ పేరుగల పాఠశాలయందును అదియే జరిగెను. తెలియు హక్కు పుట్టుకనుబట్టి పంచిపెట్టబడెను. ఆ మహనీయుని త్యాగమును తలచునప్పుడు, వాకిట నిలువనైన నోచుకొనని బాలురనుగూడ తలచుట న్యాయము.

1852లో మంచాల రత్నము, అయినాల భూషణము అను ఇరువురు విద్యార్థులు క్రైస్తవమతము స్వీకరించిరి. పట్టణము అట్టుడికినట్లు ఉడికెను. తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి; తరగతులు శూన్యమయ్యెను. బిడ్డ తమకు దూరమగునను తల్లి భయమును తేలికగా ఎంచరాదు. నోబిల్‌గారు మిగిలినవారికి యథాప్రకారము పాఠములు చెప్పుచునే యుండిరి. కొంతకాలమునకు మానినవారి స్థానములు మరల నిండినవి. మతమునందు భేదించినవారును ఆయన బోధనయందు విశ్వాసముంచిరనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విరుచుకొనిపడెను. సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరని లెక్కించిరి. మిషను బాలికల వసతిగృహమున ముప్పదిమందికి పైగా పిల్లలు నీటిపాలైరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ యనుభవించిన ఘోరమును పెద్దలనోట విన్న మా విద్యార్థులకు ఆ దృశ్యమును వర్ణింప నక్కరలేదు. నోబిల్‌గారు బ్రతికి బయటపడిరి గాని యేడాదియైనను నిండకముందే, 1865 అక్టోబరు 17వ తేదీన బందరులోనే కన్నుమూసిరి.

ఆయన నాటిన పాఠశాల కళాశాలగా పెరిగెను. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అచ్చట బోధించిరి. కృష్ణాపత్రికా సంపాదకులైన ముట్నూరి కృష్ణారావుగారును, స్వాతంత్ర్యయోధులైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును అచ్చట చదివిరి. మూయబడియుండిన తలుపును కాలక్రమమున తెరచుకొనెను. తరువాతి కాలమున కాకినాడలో అనాథులకును, దళితులకును విద్యాదానము చేసి కీర్తిగాంచిన వేంకటరత్నము నాయుడుగారు ఒకప్పుడు ఈ కళాశాలలోని అధ్యాపకులే యగుట గమనింపదగినది. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. ఇప్పుడు పేరునడిగి కులమును తెలిసికొని బడిలో చేర్చుకొనుట చెల్లదు.

ఒక వింత చూడుడు. బ్రహ్మచారిగా గతించిన నోబిల్‌గారి ఇంటిపేరును మోయుటకు బందరులో ఆయన బిడ్డ ఒక్కడైనను లేడు. అయినను కృష్ణామండలమున ఆ పేరు ఎరుగని ఇల్లు అరుదు. రక్తసంబంధము లేని వేలకొలది విద్యార్థులు దానిని తమ పట్టములపై వ్రాయించుకొని పోయిరి. తెలియబడినవాడను తొలి అర్థము ఈ విధముగా మరల సిద్ధించెను.

ప్రియ విద్యార్థులారా, మీ ఇంటిపేరు మీ పెద్దలిచ్చినది. దానిని మీరు సంపాదింపలేదు. అది ఊరినిబట్టి వచ్చినను, వృత్తినిబట్టి వచ్చినను, ఎవరో ఎగతాళికి పెట్టినదైనను సిగ్గుపడవలదు, గర్వింపను వలదు. హాజరుపట్టీలో మీ ప్రక్కవాని పేరు వినినప్పుడు వాని కులమును వెదకకుడు. ఇంటిపేరునకు అర్థము నిఘంటువులో కొంత దొరకును. తక్కినది దానిని ధరించినవారు తమ పనిచే వ్రాయవలసినదే.