కలం పట్టిన కూలి – కార్లోస్ బులోసాన్

కూలి రేటు తెగ్గొట్టడానికి భూస్వాములకు తెలిసిన పాత ఉపాయం ఒకటుంది. ఒక ఊరి కూలీలు రేటు పెంచమంటే ఇంకో ఊరి కూలీలను దించుతారు. ఆ తర్వాత వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటారు, రేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా భూస్వాములు ఈ పనిని ఊళ్ళతో కాదు, ఏకంగా దేశాలతోనే చేశారు. ఆ పొలాల్లో నడుం వంచి, ఆ బతుకును పుస్తకంగా రాసిన కూలి కార్లోస్ బులోసాన్. ఆయన జీవితం మన కూలీలు, కార్యకర్తలు తెలుసుకోదగ్గదని మేం అనుకుంటున్నాం.

బులోసాన్ ఫిలిప్పీన్స్ దేశంలో, పంగసినాన్ ప్రాంతంలోని బినలోనన్ అనే ఊళ్ళో పేద రైతు ఇంట పుట్టాడు. పుట్టిన సంవత్సరం 1911 అని కొందరు, 1913 అని కొందరు రాశారు. అప్పటికే ఆ దేశం అమెరికా వలస. 1898లో స్పెయిన్‌ను యుద్ధంలో ఓడించిన అమెరికా, 2 కోట్ల డాలర్లు దాని చేతిలో పెట్టి ఫిలిప్పీన్స్‌ను తన కింద వేసుకుంది. స్వాతంత్ర్యం కావాలని తిరగబడిన జనాన్ని తుపాకులతో అణచింది. తర్వాత బడులు పెట్టి ఇంగ్లీషు నేర్పింది గానీ భూమి జోలికి పోలేదు. అది భూస్వాముల చేతిలోనే ఉండిపోయింది. కొడుకు చదువుకని తండ్రి కొద్దిపాటి పొలాన్ని తాకట్టు పెట్టడం, ఆ పొలం మళ్ళీ చేతికి రాకపోవడం బులోసాన్ తన పుస్తకంలో చెప్పిన కథ. మన పాఠకులకు దాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక కాలిఫోర్నియా సంగతి. అక్కడి పెద్ద కమతాలకు మొదట చైనా కూలీలను తెచ్చారు. 1882 చట్టంతో వాళ్ళ రాక ఆగింది. తర్వాత జపాన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు కూలి పెంచమని, కౌలుకు భూమి తీసుకుని నిలదొక్కుకోవడం మొదలుపెట్టేసరికి వాళ్ళకూ తలుపు మూశారు. 1924 చట్టంతో ఆసియా నుంచి వలస దాదాపు నిలిచిపోయింది. ఫిలిప్పీనోలు అమెరికా జెండా కింది జనం గనుక ఆ చట్టం వాళ్ళను ఆపలేదు. పౌరసత్వం లేదు, ఓటు లేదు, పనికి మాత్రం రావచ్చు. భూస్వామికి ఇంతకన్నా ఏం కావాలి? 1930 జనాభా లెక్కల నాటికి కాలిఫోర్నియాలోనే సుమారు 30 వేల మంది ఫిలిప్పీనోలున్నారు. ఎక్కువమంది ఒంటరి కుర్రాళ్ళు.

సరిగ్గా ఆ 1930లోనే బులోసాన్ ఓడ దిగాడు. సియాటిల్ రేవులో అడుగుపెట్టేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని బక్కపలచని పిల్లవాడు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో అమెరికా షేర్ల బజారు కుప్పకూలింది. బ్యాంకులు మూతపడుతున్నాయి. 1933 నాటికి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. దిగీ దిగగానే తమను తలకు ఐదు డాలర్ల చొప్పున కాంట్రాక్టరుకు అమ్మేశారని, అలాస్కాలో చేపల డబ్బాల ఫ్యాక్టరీకి తోలారని పుస్తకంలో చెప్తాడు. సీజను ముగిశాక తిండి ఖర్చని, అడ్వాన్సని కోతలన్నీ పోగా చేతికొచ్చింది 13 డాలర్లు. ముఠా మేస్త్రీల లెక్కలు ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

అక్కడి నుంచి పంటల వెంట పరుగు. లెట్యూస్ ఆకుకూర కోతలు, పళ్ళ తోటలు, ఒక కోత ముగియగానే ఇంకో ఊరు. చార్జీలు లేక గూడ్సు బండ్లెక్కి తిరిగేవాళ్ళు. హోటళ్ళలో రానిచ్చేవాళ్ళు కాదు. తెల్లజాతి స్త్రీని పెళ్ళాడే హక్కు ఫిలిప్పీనోకు ఉందని 1933లో ఒక కోర్టు తీర్పిస్తే, ఆ ఏడాదే శాసనసభ చట్టం సవరించి దాన్నీ లాగేసుకుంది. 1930 జనవరిలో వాట్సన్‌విల్ పట్టణంలో తెల్లవాళ్ళ గుంపులు రోజుల తరబడి ఫిలిప్పీనో కూలీల మీద పడ్డాయి. ఫెర్మిన్ టొబేరా అనే 22 ఏళ్ళ కూలీ, కూలీల కొట్టంలో దాక్కుని ఉండగా తుపాకి గుండు తగిలి చనిపోయాడు. దాడి చేసినవాళ్ళలో పని దొరక్క తిరుగుతున్న పేదలూ ఉన్నారు. మన పని వీళ్ళు ఎత్తుకుపోతున్నారని వాళ్ళకు నూరిపోశారు. కూలి రేటు నిర్ణయించింది ఎవరని వాళ్ళడగలేదు.

మాంద్యం ముదిరేకొద్దీ ప్రభుత్వమూ అదే పాట అందుకుంది. 1934లో ఫిలిప్పీన్స్‌కు పదేళ్ళ తర్వాత స్వాతంత్ర్యం ఇస్తామంటూ చట్టం చేసి, దాంతోపాటే ఫిలిప్పీనోలను పరాయివాళ్ళుగా ప్రకటించారు. ఏడాదికి 50 మందికి మించి రాకూడదన్నారు. మర్నాటి ఏడాది 1935లో, ఉచితంగా ఓడెక్కిస్తాం వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళింది రెండు వేల పైచిలుకు మంది మాత్రమే. ఇంతలో దుమ్ము తుపానులకు, అప్పులకు పొలాలు పోగొట్టుకున్న అమెరికా రైతులే లక్షల సంఖ్యలో కాలిఫోర్నియా చేరారు. వాళ్ళూ అవే కోతలకు క్యూ కట్టారు. 1935 కార్మిక చట్టం ఫ్యాక్టరీ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది, వ్యవసాయ కూలీలను మాత్రం వదిలేసింది. 1938 కనీస వేతన చట్టమూ వాళ్ళను బయటే ఉంచింది.

చట్టం ఇవ్వకపోయినా కూలీలు ఊరుకోలేదు. 1934లో సలినాస్ లోయలో వేల మంది ఫిలిప్పీనోలు లెట్యూస్ కోతలు ఆపేశారు. కలిసి సమ్మెకు దిగిన తెల్లజాతి ప్యాకింగ్ కార్మికులు మధ్యలో తప్పుకున్నారు. గూండాలు కూలీల క్యాంపును తగలబెట్టారు. అయినా సంఘానికి గుర్తింపు వచ్చింది, కూలి గంటకు 40 సెంట్లకు పెరిగింది. ఆ రోజుల్లోనే బులోసాన్ కూలీల కోసం ఒక చిన్న పత్రిక నడిపాడు. క్రిస్ మెన్సాల్వాస్ వంటి సంఘ నాయకులతో కలిసి తిరిగాడు.

ఆకలి, చలి, తిరుగుడు కలిసి 1936లో ఆయన్ను క్షయతో మంచాన పడేశాయి. లాస్ ఏంజలెస్ ప్రభుత్వాసుపత్రిలో రెండేళ్ళున్నాడు. మూడు ఆపరేషన్లు చేశారు, పక్కటెముకలు తీసేశారు. ఆ మంచమే ఆయనకు కాలేజీ అయింది. మిత్రులు తెచ్చిచ్చిన పుస్తకాలన్నీ చదివాడు. రాత్రి బడిలోనో, జెండా దిమ్మె దగ్గరి పేపరు చూసో చదువు నేర్చిన మనవంటివాళ్ళకు ఇది ధైర్యమిచ్చే విషయం.

1943లో, పేరు మోసిన ఒక అమెరికన్ వారపత్రిక లేమి నుంచి విముక్తి అనే విషయం మీద వ్యాసం రాయమని ఆయన్నే అడిగింది. పక్క పేజీలో నిండైన విందు బల్ల చుట్టూ కూర్చున్న కుటుంబం బొమ్మ వేశారు. బులోసాన్ మాత్రం ఆ తిండి పండించే వాళ్ళ గురించి రాశాడు. రాసిన మనిషికి అప్పటికి ఆ దేశంలో పౌరసత్వం అడిగే హక్కయినా లేదు. ఆ హక్కు 1946 చట్టంతో వచ్చింది. మన భారతీయులకూ అదే చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఆ ఏడాదే ఆయన ప్రసిద్ధ పుస్తకం, అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్, వెలువడింది. అందులో తన కష్టంతోపాటు తోటి కూలీల కష్టాలను కూడా తన కథగానే చెప్పాడు. అందుకే అది ఒక తరం బతుకు పుస్తకమైంది.

పేరొచ్చినా సంఘాన్ని వదల్లేదు. 1950 తర్వాత కమ్యూనిస్టు వేట సాగుతున్న రోజుల్లో గూఢచారులు ఆయన మీద నిఘా పెట్టారు. ఆయన మిత్రులైన నాయకులను దేశం నుంచి వెళ్ళగొట్టాలని కేసులు నడిచాయి. అప్పుడే, 1952లో, సియాటిల్ చేపల ఫ్యాక్టరీ కార్మికుల సంఘం వార్షిక సంచికకు సంపాదకత్వం వహించాడు. 1956 సెప్టెంబరులో అదే సియాటిల్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో, పేదవాడిగానే కన్నుమూశాడు. పుట్టిన ఊరు మళ్ళీ చూడలేదు.

ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు, 1965 సెప్టెంబరు 8న, డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీనో కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో సమ్మె కట్టారు. చాలామంది బులోసాన్ తరం వాళ్ళే, జుట్టు నెరిసినవాళ్ళు. మెక్సికో కూలీలను దించి సమ్మె విరుస్తారని ఇట్లియాంగ్‌కు తెలుసు. అందుకే తానే మెక్సికో కూలీల నాయకుడు సీజర్ చావెజ్ దగ్గరికి వెళ్ళాడు. 16వ తేదీన వాళ్ళూ సమ్మెలోకి వచ్చారు. మర్నాటి ఏడాది రెండు సంఘాలూ ఒకటయ్యాయి. ఐదేళ్ళ పోరాటం తర్వాత 1970లో తోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

మన ఊళ్ళలో కూడా నాట్లకు, కోతలకు వేరే రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. మనవాళ్ళూ పొట్ట చేతబట్టుకుని పోతున్నారు. కొత్త ముఠా దిగిన రోజునే మన కార్యకర్తలు వాళ్ళ గుడిసెల దాకా వెళ్ళాలి. ఎకరానికి ఎంతకు మాట్లాడుకున్నారు, మేస్త్రీ ఎంత పట్టుకుంటున్నాడు అని అడగాలి, మన రేటు వాళ్ళకు చెప్పాలి. ఇట్లియాంగ్ చేసింది ఈ పనే. సలినాస్‌లో సగంలో ఆగిపోయింది కూడా ఈ పనే.